మూడు జిల్లాలకు ఒకే పరిషత్తా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా ఊళ్లో జిల్లా పరిషత్తు పేరు హైస్కూలు బోర్డు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఆ బోర్డు కింద పాతికేళ్లు పాఠాలు చెప్పాను. అందుకే ఈ ఉత్తరం.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పరిషత్తులు మాత్రం 13గానే ఉండిపోయాయి. అంతకుముందు సెప్టెంబరులోనే పాలకవర్గాలు కొలువుదీరాయి కాబట్టి మధ్యలో విడదీయడం కుదరదులే అని మేమూ సరిపెట్టుకున్నాం. కానీ ఇప్పుడు పరిస్థితి చూడండి. పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం భీమవరం. పశ్చిమ గోదావరి జిల్లా పరిషత్తు ఉన్నది ఏలూరులో, అదేమో వేరే జిల్లా. తూర్పు గోదావరిదీ ఇదే తీరు: కలెక్టరు రాజమహేంద్రవరంలో, పరిషత్తు కాకినాడలో. పాత పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలో కలిసిన కొవ్వూరు వాళ్లకైతే వంతెన దాటగానే జిల్లా కేంద్రం, వాళ్ల జడ్పీటీసీ మాట్లాడాల్సిన సభ మాత్రం ఏలూరులో. అల్లూరి జిల్లా కేంద్రమైన పాడేరు కొండల మీది సభ్యులు సమావేశానికి విశాఖపట్నం దిగాలి.

ఇది దూరం సమస్యే అయితే బస్సెక్కి పోవచ్చు. అసలు చిక్కు పని జరిగే తీరులో ఉంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పరిషత్తులో ఏడు స్థాయీ సంఘాలు ఉంటాయి: ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, మహిళా సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. సర్వసభ్య సమావేశంలో గొంతు చించుకున్నా అక్కడ దొరికేది రెండు నిమిషాలు. ఒక రోడ్డు గురించో, ఒక ఆస్పత్రి గురించో అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి నిలదీయగలిగేది ఈ సంఘాల్లోనే. మా పాత పశ్చిమ గోదావరి ఏలూరు, పశ్చిమ గోదావరి, తూర్పు గోదావరి జిల్లాల మధ్య చీలిపోయింది కాబట్టి, ఆ అధికారులు ఇప్పుడు ముగ్గురు కలెక్టర్ల కింద పనిచేస్తున్నారు. పాత జిల్లాలోని 48 మండలాల సంగతీ ఒక్క పూటలో తేలాలి. ఇక ఎవరి జవాబు ఎవరు రాసుకోవాలి?

మా స్కూలు ప్రహరీ కోసం నేను, ఊరి పెద్దలు అర్జీ పట్టుకుని తిరిగాం. ఒక ఆఫీసులో 'అక్కడికి వెళ్లండి' అన్నారు, అక్కడ 'ఇక్కడికే రావాలి, కానీ కాగితం అటునుంచి రావాలి' అన్నారు. తప్పు ఏ ఒక్క గుమస్తాదీ కాదు. గీతలే అలా గీశారు.

విభజన తేలిక కాదని నాకు తెలుసు. ఉద్యోగుల సీనియారిటీ, భవనాలు, స్థలాలు, జిల్లా పరిషత్తు చూసే టీచర్ల పీఎఫ్ (భవిష్య నిధి) ఖాతాలు అన్నీ పంచాలి. ఆ ఖాతాలంటే టీచర్లకు ఎంత టెన్షనో నేను అనుభవించినవాణ్ణే. అయినా తెలంగాణలో 2019 ఎన్నికలు కొత్త జిల్లాల లెక్కనే 32 పరిషత్తులకు జరిగాయి కదా. పైగా పరిషత్తులు పెరిగితే రిజర్వేషన్ కింద మహిళలకు, దళితులకు, గిరిజనులకు, బీసీలకు దక్కే అధ్యక్ష పదవులూ పెరుగుతాయి. మన్యం వాళ్లు తమ తాగునీటి పథకం గురించి తమ గడ్డమీదే కూర్చుని తీర్మానం చేసుకోగలుగుతారు.

ఈ పాలకవర్గాల గడువు ఐదేళ్లే. తర్వాతి ఎన్నికలకు రిజర్వేషన్లు ఖరారై నోటిఫికేషన్ వచ్చేసిందంటే మళ్లీ ఐదేళ్లు ఆగాల్సిందే. అందుకే ఆ నోటిఫికేషన్‌కు ముందే జిల్లాకో పరిషత్తు ఏర్పాటు చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. అప్పటిదాకా కనీసం స్థాయీ సంఘాలనైనా ఒకసారి ఏలూరులో, ఒకసారి భీమవరంలో, ఒకసారి కొవ్వూరులో కూర్చోబెట్టండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పశ్చిమ గోదావరి జిల్లా