రీవైండింగ్‌లో కాలిపోయేది తీగ ఒక్కటే కాదు

సంపాదకులకు,

రీవైండింగ్ చేయించాక మోటారు ముందుకంటే వేడెక్కుతోందంటే అందరి కళ్లూ రాగి తీగ మీదే పడతాయి. చాలాసార్లు తప్పు తీగది కాదు. పాత వైండింగ్‌ను కాల్చి పీకేటప్పుడు స్టేటర్ కోర్ (తీగ చుట్టలు కూర్చునే, మోటారులో కదలని ఇనుప భాగం) పాడైపోయి ఉంటుంది.

కోర్ ఒకే ఇనుప దిమ్మ కాదు. సుమారు అర మిల్లీమీటరు మందం సిలికాన్ స్టీలు రేకులను పేర్చి బిగించినది. రేకుకూ రేకుకూ మధ్య కొన్ని మైక్రాన్ల ఇన్సులేషన్ పూత ఉంటుంది. అయస్కాంత దిశ మారిన ప్రతిసారీ ఇనుములో కొంత వేడి పుడుతుంది. ఈ హిస్టరిసిస్ నష్టాన్ని పూత ఆపలేదు. ఆపగలిగేది ఇనుములోనే సుడులుగా తిరిగే ఎడ్డీ కరెంట్లను. రేకు మందం సగమైతే వాటి నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది. పూత కాలి రేకులు ఒకదానికొకటి అంటుకుంటే ఆ లాభమంతా పోయినట్టే. పైగా లోడు ఉన్నా లేకున్నా, కరెంటు ఉన్నంతసేపూ ఈ నష్టం సాగుతూనే ఉంటుంది.

వార్నిష్ గట్టిపడిన వైండింగ్ త్వరగా ఊడాలని గ్యాస్ మంట పెడతారు. మంట తగిలిన కోర్ పళ్లు (తీగ గాడుల మధ్య ఇనుము) ఎర్రబడతాయి, అక్కడ పూత మిగలదు. ఆపైన స్లాట్లను, అంటే ఆ గాడులను, ఆకురాయితో రాస్తే రేకుల అంచులు సాగి పక్క రేకును తాకుతాయి. దయచేసి ఈ రెండూ మానండి. ఉష్ణోగ్రత అదుపులో ఉండే ఓవెన్‌లోనే కాల్చాలి, కోర్ 370 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. వేడి కొలిచే థర్మోకపుల్ కోర్‌కే తగిలించాలి. వార్నిష్‌కు మంట అంటుకుంటే ఓవెన్ లోపలి గాలి కంటే కోర్ వేడెక్కిపోతుంది.

కాల్చే ముందొకసారి, కాల్చి శుభ్రం చేశాక ఒకసారి కోర్‌లో నష్టం కొలిచే పరీక్ష తప్పనిసరి. కేబుల్‌ను స్టేటర్ నడిమి నుంచి దూర్చి, బయటి నుంచి తిప్పి పది చుట్లు వేసి కరెంటు ఇవ్వండి. కోర్ పొడవు 10 సెంటీమీటర్లు, స్లాట్ల వెనక ఇనుము 2 సెంటీమీటర్లు అనుకుంటే, 50 హెర్ట్జ్ దగ్గర ఇనుములో 1.2 టెస్లా (అయస్కాంత తీవ్రత కొలత) రావడానికి చుట్టుకు దాదాపు అర వోల్టు, మొత్తం 5 వోల్టులు చాలు. రెండుసార్లూ అవే చుట్లు, అదే వోల్టేజి ఉండాలి. నష్టాన్ని చూపే వాట్‌మీటరు రీడింగు మొదటిసారి కంటే 20 శాతానికి మించి పెరిగినా, ఏదైనా ఒక చోటు చుట్టుపక్కల కంటే 15 డిగ్రీలకు మించి వేడెక్కినా, కోర్ బాగుచేయకుండా కొత్త తీగ చుట్టడం దండగ.

మోటారు ఇచ్చేటప్పుడే కాల్చే ముందు, తర్వాత వచ్చిన ఈ రెండు వాట్‌మీటరు రీడింగులూ బిల్లు మీద రాసివ్వమని అడగాలని పాఠకులకు మా విన్నపం.

ఇట్లు,
మోటారు వైండింగ్ పనివారు