రాజమండ్రి పెద్దాయన ప్రశ్న, నీకు కూడా చెప్పని జవాబు

మైలార్డ్ గారికి,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లకు జవాబు రాస్తున్నందుకు మన రేకుల షెడ్డు ఉత్తుత్తి కోర్టులో, పచ్చ గొడుగు కేసులో నాకు వేసిన శిక్షనే మళ్లీ వేయి, అప్పీలుకు వెళ్లను. పరీక్షలు గట్టెక్కాయి. అమ్మ పంపిన ఆవకాయ అడుగంటింది. ఇక్కడి ఇంగ్లండు చలి సంగతి విశాఖలో కూర్చున్న నీకు చెప్పి ప్రయోజనం లేదు. క్షేమ సమాచారాలు ఇంతటితో ముగిస్తున్నాను, ఎందుకంటే మొన్నటి ఇంటర్వ్యూ సంగతి ఎవరికో ఒకరికి చెప్పేదాకా నాకు నిద్ర పట్టేట్టు లేదు, పైగా అది నువ్వు అడిగిన ప్రశ్నకు సూటిగా సంబంధించినదే.

సర్టిఫికెట్ కోర్సులు అమ్ముకునే ఒక ఆన్‌లైన్ సంస్థ నిన్ను మీ కాలేజీకి క్యాంపస్ అంబాసిడర్‌గా ఉండమంటోందనీ, ఆ హోదా రేపు వకీలుగా పనికొస్తుందా లేక బయోడేటాలో ఒక పంక్తి కోసం స్నేహితుల చేత డబ్బు కట్టించడమేనా అనీ అడిగావు. నేను ఇక్కడ యూనివర్సిటీకి స్టూడెంట్ అంబాసిడర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి నాకు తెలిసి ఉంటుందని నీ నమ్మకం. ఇదే పనిని నువ్వు "గైడు ఉద్యోగం" అని వెక్కిరించావు, అదీ గుర్తుంది. నిజానికి చాలావరకు అదే. ఓపెన్ డే నాడు రంగు టీషర్టు వేసుకుని, మెడలో పేరు తగిలించుకుని, చేరబోయే పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ లైబ్రరీ, విద్యార్థులు వాదన సాధన చేసే మూట్ కోర్టు గది, హాస్టలు చూపిస్తాము. ఆగస్టులో ఏ లెవెల్ (మన ఇంటర్ లాంటిది) ఫలితాలు వచ్చిన రోజున, అనుకున్న సీటు తప్పిపోయిన పిల్లలు ఏడుపు గొంతుతో చేసే ఫోన్లు ఎత్తుతాము. గంటల లెక్కన జీతం ఇస్తారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లం క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటి పనిచేయకూడదు కాబట్టి ఆ గంటలను జాగ్రత్తగా లెక్కపెట్టుకోవాలి. పెద్ద లా ఫర్ములు కూడా యూనివర్సిటీలలో సొంతంగా అంబాసిడర్లను పెట్టుకుంటాయి. తోటి విద్యార్థులను తమ ఫర్ము కార్యక్రమాలకు రప్పించడం వాళ్ల పని. అందులో పరిచయాలు ఎక్కువ, పోటీ ఇంకా ఎక్కువ. ఆ కథ ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు మొదలుపెడితే అసలు సంగతి పక్కదారి పడుతుంది.

అక్టోబరులో ఒక శనివారం ఓపెన్ డే. నేను లా స్కూలు బల్ల దగ్గర ఉన్నాను. ఒక పెద్దాయన నా మెడలోని పేరు చదివి, ఇంగ్లీషు జోలికి పోకుండా, "ఏం బాబూ, మనవాడివేనా? ఏ ఊరు?" అని పలకరించారు. ఆయనది రాజమండ్రి. వచ్చి ఇక్కడ స్థిరపడి చాలాకాలమైందట. పక్కన కూతురు నిలబడి ఫోను చూసుకుంటోంది. ఆయన తండ్రిగారు అక్కడ పేరున్న ప్లీడరు. పేట పేరు నీకు రాయను, రాస్తే మీ మేనమామను అడిగి సాయంత్రానికల్లా ఆ ఇల్లు కనిపెట్టేస్తావు. ఆఫీసు గది, లా రిపోర్టుల బీరువాలు, కుర్చీ అన్నీ ఇప్పటికీ అలాగే ఉంచారట. ఆయన ప్రశ్న చాలా సూటిగా ఉంది: "మా అమ్మాయి ఇక్కడ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ పూర్తి చేస్తే నేరుగా వెళ్లి తాతగారి కుర్చీలో కూర్చోవచ్చు కదా? ప్రకాశం పంతులుగారు చేసింది అదే కదా?"

ఆయన పూర్తిగా పొరబడ్డారని అనలేము. రాజమండ్రిలో రెండో తరగతి ప్లీడరుగా ఉన్న ప్రకాశం పంతులు 1904లో ఇంగ్లండుకు వెళ్లి, బారిస్టరై తిరిగివచ్చి మద్రాసు హైకోర్టులో వాదించిన మాట నిజం. గోదావరి జిల్లాల ప్లీడర్ల ఇళ్లలో ఆ కథ తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. అయితే 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్ తీసి చూడు. బారిస్టరు అయినంత మాత్రాన నేరుగా ఎన్‌రోల్ అయ్యే వీలు 1976 డిసెంబరు 31 లోపు బారిస్టర్లయిన వారితోనే ఆగిపోయింది. ఆ తరువాతి వారికి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన విదేశీ డిగ్రీ ఉండాలి, ఆపైన అర్హత పరీక్ష రాయాలి. మన లెక్క ఇంటర్ తరువాత ఐదేళ్లు, లేదంటే డిగ్రీ తరువాత మూడేళ్లు. ఇంటర్ కాగానే మూడేళ్లలో ముగిసే ఇక్కడి ఎల్‌ఎల్‌బీ ఈ రెండింటిలో దేనిలోనూ ఇమడదు కాబట్టి బ్రిడ్జ్ కోర్సు కూడా చదవాలి. ఇదంతా నేను ఇక్కడికి బయలుదేరేముందు రేకుల షెడ్డు సుప్రీంకోర్టులో మనిద్దరం వారం రోజులు వాదించుకున్న విషయమే. నాన్నగారిని ఒప్పించడానికి నువ్వు రాసిపెట్టిన "జడ్జిమెంటు" ఇంకా నా సూట్‌కేసులోనే ఉంది, భిన్నాభిప్రాయంతో సహా.

అందువల్ల సాధారణ నియమం ఏమిటో ఆయనకు మర్యాదగా చెప్పాను. ముఖం వాడిపోయింది. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది: అమ్మాయి ఇక్కడే పుట్టింది, బ్రిటిష్ పౌరురాలు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది, మరి ఆ కార్డుతో పని జరుగుతుందా? అక్కడ నేను ఆగిపోయాను. అంబాసిడర్లకు ఇచ్చే శిక్షణలో మొదటి రోజే చెప్పే మాట ఒకటుంది: తెలిసింది చెప్పు, ఊహించి చెప్పకు, ఎవరిని అడగాలో చూపించు, యూనివర్సిటీ తరఫున ఎవరికీ ఏ మాటా ఇవ్వకు. అప్పట్లో అది గుమస్తాగిరీ సూత్రంలా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, చట్టంలో ఏముందో చెప్పడం సమాచారం, ఈ అమ్మాయికి ఈ కార్డుతో కుదురుతుందని చెప్పడం సలహా. ఆ సలహా నమ్మి ఒక కుటుంబం మూడేళ్ల ఫీజు కడుతుంది. టీషర్టు వేసుకున్న విద్యార్థి నోటి నుంచి రావలసిన మాట కాదది. ఈ వివరాలన్నీ రాసి బార్ కౌన్సిల్‌నే అడగమనీ, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోమనీ చెప్పాను. "ఇంత చదువుతున్నావు, ఆ మాత్రం చెప్పలేవా బాబూ!" అని ఆయన నొచ్చుకున్నారు. ఆ మాటకు నాకూ కాస్త కోపం వచ్చిందని నీ దగ్గర దాచను.

అప్పుడు గమనించాను, ఇంతసేపూ ఆ అమ్మాయి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దరఖాస్తు ఆమెది. ఇక్కడ యూకాస్ (యూనివర్సిటీ సీట్లకు దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా దరఖాస్తు చేసేది విద్యార్థి. ఆ విద్యార్థి తన తరఫున ఫలానా వారు మాట్లాడవచ్చని ఫారంలో పేరు రాస్తే తప్ప, యూనివర్సిటీ కన్న తండ్రితో కూడా ఆ విషయం చర్చించదు. మన దగ్గర ఇది వింటే నవ్వుతారు. పాత ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్ కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టేది తండ్రులు కాదూ! నేను ఆమె వైపు తిరిగి, ఏం చూడాలని ఉందని అడిగాను. విద్యార్థులు జనానికి ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే లా క్లినిక్ చూడాలంది. తండ్రిగారు హాస్టలు ఫీజుల బల్ల దగ్గర ఆగిపోయారు, మేమిద్దరం క్లినిక్ వైపు నడిచాము. దారిలో ఆమె నాకు ఒక విషయం చెప్పి, నాన్నకు చెప్పవద్దంది.

ఆ విషయం ఏమిటో నీకు చెప్పను. బతిమాలినా, పచ్చ గొడుగు సాక్షిగా ఒట్టు పెట్టినా చెప్పను.

తిరిగి వచ్చాక ఆయన నన్ను పక్కకు పిలిచి, "ఏమంటోంది మా అమ్మాయి? చేరాలని ఉందా, లేదా?" అని అడిగారు. తెలుగువాడిననే చనువుతో అడిగారు. ఆ చనువును కాదనడం ఎంత కష్టమో నీకు వేరే చెప్పాలా? "తననే అడగండి అంకుల్, నేను చెబితే బాగుండదు" అన్నాను. ఆయన నన్ను కాసేపు అలా చూసి, "మా నాన్నగారూ ఇంతే. కేసుల సంగతి ఇంట్లో మాకు కూడా చెప్పేవారు కాదు" అన్నారు. మెచ్చుకున్నట్టు లేదు ఆ గొంతు. పాత ఫిర్యాదేదో గుర్తుకొచ్చినట్టు ఉంది.

ఇప్పుడు ఇంటర్వ్యూకు వస్తాను. ఒక ఫర్ములో వేసవి వెకేషన్ స్కీముకు, అంటే సెలవుల్లో విద్యార్థులను కొన్నాళ్లు పనిలో పెట్టుకుని చూసేదానికి, పిలిచారు. కంపెనీల విలీనాలు, వడ్డీ రేట్లు, కాంట్రాక్టు చట్టం అన్నీ నమిలి మింగి వెళ్లాను. ఇద్దరు సొలిసిటర్లు (క్లయింట్ల పనులు నేరుగా చూసే ఇక్కడి వకీళ్లు) కూర్చున్నారు. మొదటి ప్రశ్నే, ఇద్దరు మనుషులు మీ నుంచి వేర్వేరు పనులు ఆశించిన సందర్భం చెప్పండని. నోటికి వచ్చింది ఈ కథ. ఇక విలీనాల మాటే లేదు, ఆ శనివారాన్ని ఇద్దరూ చేరి క్రాస్ ఎగ్జామినేషన్ చేశారు. ఆ ఇద్దరిలో మీ క్లయింటు ఎవరు? తండ్రి కదా ఫీజు కట్టేది, ఆయన మాట ఎందుకు వినలేదు? డబ్బు కట్టేవారు ఒకరు, పని ఎవరి కోసమో వారు ఇంకొకరు అయినప్పుడు ఆదేశాలు ఎవరి నుంచి తీసుకోవాలన్నది ఇక్కడి సొలిసిటర్ల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది: క్లయింటు నుంచి, లేదా క్లయింటు అధికారం ఇచ్చినవారి నుంచి మాత్రమే. నేను ఆ నియమం చదివింది చాలా తరువాత. ఆ రోజు ఆ అమ్మాయి వైపు తిరిగి ప్రశ్న అడిగింది మాత్రం యూకాస్ ఫారం గుర్తొచ్చి. ఆ మాటే చెప్పాను.

అంతలో ఆవిడ, రెండో సొలిసిటరు, చాలా మామూలుగా, "ఇంతకీ ఆ అమ్మాయి ఏం చెప్పింది?" అని అడిగింది.

నాకు చెమటలు పట్టాయి. ఇంటర్వ్యూ చేసేవారికి ఎదురు చెప్పడమా? "క్షమించండి, అది చెప్పలేను" అన్నాను. ఆ అమ్మాయి ఎవరో మాకు తెలియదు కదా, పేరు కూడా మీరు చెప్పలేదు కదా అంది. తండ్రిగారి ఊరు, తాతగారి వృత్తి ఇప్పటికే చెప్పేశాను, ఈ నగరంలో మా భాషవాళ్లు కొద్దిమందే, ఇంకొక్క ముక్క కలిపితే పేరు అక్కర్లేదు అన్నాను. ఆవిడ ఏదో రాసుకుంది. అది పరీక్షో, ఉత్త కుతూహలమో, ఎదిరించినందుకు మార్కులు పోయాయో నాకు అంతుపట్టడం లేదు. ఫలితం ఇంకా రాలేదు. (నీకు చెప్పిన ఊరు నిజంగా రాజమండ్రేనా అన్నది కూడా నువ్వే అనుమానించుకో.)

ఇందులో నీకు పనికొచ్చే సంగతి ఉంది. అంబాసిడర్ పని వకాలతు పని కాదు. ఇక్కడ సొలిసిటరు కావాలంటే అర్హత కోసం రాయవలసిన ఎస్‌క్యూఈ పరీక్షలతో పాటు రెండేళ్ల అర్హమైన అనుభవం చూపాలి. దానిని నాలుగు సంస్థల దాకా పంచుకోవచ్చు, యూనివర్సిటీ లా క్లినిక్‌లో చేసిన పని కూడా లెక్కకు వస్తుంది. టీషర్టు గంటలు మాత్రం ఒక్కటీ లెక్కకు రావు. కానీ ఎస్‌క్యూఈ రెండో భాగంలో క్లయింటు ఇంటర్వ్యూ ఉంటుంది. దానికి మార్కులు వేసేది క్లయింటుగా నటించే మనిషే. అక్కడ చూసేది నీ చట్ట పరిజ్ఞానాన్ని కాదు, ఈ మనిషిని నమ్మి నా గోడు చెప్పుకోవచ్చా అన్నదాన్ని. అది ఏ నోట్సులో దొరుకుతుంది? ముక్కూమొహం తెలియనివాళ్లు వచ్చి, కంగారుగా, సగం సగం అడిగే ప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పి చెప్పి అలవాటు కావాలి.

ఆ కొలతతోనే నీ సంస్థను కూడా చూడు. వాళ్లు నీ చేత చేయించేది ఏమిటి? తోటివాళ్ల ప్రశ్నలు విని, నిజం చెప్పి, అవసరమైతే "ఈ కోర్సు నీకొద్దు" అనే స్వేచ్ఛ ఉందా? లేక రిజిస్ట్రేషన్లకు లక్ష్యం పెట్టి, అది అందుకుంటేనే సర్టిఫికెట్టు అంటున్నారా? రెండోదైతే నువ్వు ఏజెంటువి, అంబాసిడరువి కాదు. దానికంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి పారా లీగల్ వాలంటీరుగా తీసుకుంటారేమో అడుగు. లా విద్యార్థులను తీసుకుంటారు. లోక్ అదాలత్ రోజున బల్ల దగ్గర కూర్చుంటే, భర్తతో వచ్చిన భార్య, కొడుకుతో వచ్చిన ముసలితల్లి, మాట్లాడేది ఒకరు, కేసు ఇంకొకరిది, అచ్చం నా శనివారమే కనిపిస్తుంది నీకు. పైగా జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ తప్పనిసరి చేసింది కదా, నీ ఆశ అటే అయినప్పుడు ఆ మూడేళ్లు క్లయింట్ల ముందు తెల్లమొహం వేయకుండా గడవాలంటే

అయ్యో, విజిట్ డే పిల్లల బస్సు అప్పుడే వచ్చేసిందట, టీషర్టు ఇంకా ఇస్త్రీ కాలేదు. ఆ సంస్థ పంపిన ఒప్పందం ప్రతి పేజీ ఫోటో తీసి ఈ రాత్రికి నాకు పంపు. సంతకం మాత్రం ఇంకా పెట్టకు.

నీ జూనియర్