పంజరానికి ఇంకో పంజరమా?

సంపాదకులకు,

పార్కులోని ఇనప పంజరం శిల్పానికి ‘సుందరీకరణ పూర్తి’ అని పోయిన వారం మీ జిల్లా పేజీలో వేశారు. ఏం సుందరీకరించారో కూడా రాస్తే బాగుండేది. అసలు శిల్పమంటే తుప్పు రంగు ఊచలు, మధ్యలో పాలరాతి తలగడ, దాన్ని చుట్టిన జనపనార తాడు. కాపాడే చెయ్యే కట్టి పడేస్తుందని ఆ శిల్పం చెప్పాలంటే ఇనుము ఇనుములా, రాయి రాయిలా, నార నారలా కనబడాలి. మనవాళ్లు మూడింటికీ కలిపి సిల్వర్ పెయింటు కొట్టించారు. ఇప్పుడది స్టీలు సామాన్ల కొట్టు.

ఫ్రెంచి-అమెరికన్ శిల్పి లూయీజ్ బూర్జ్వా 1999లో చేసిన ‘మామన్’ తొమ్మిది మీటర్లు దాటిన ఉక్కు సాలీడు. ఫ్రెంచిలో ఆ మాటకు ‘అమ్మ’ అని అర్థం. దూరం నుంచి చూస్తే భయం వేస్తుంది. కడుపు కింద వల సంచిలోని పాలరాతి గుడ్లు కనబడగానే అది కాపలా అని తెలుస్తుంది. ఆ గుడ్లకూ రంగు పూస్తే ఇంకేం మిగులుతుంది?

పెయింటుకు ముందు జరిగింది ఇంకా ఘోరం. తలగడ మీది తుప్పు మరకలకు బాత్రూములు కడిగే యాసిడ్ పోశారు. పాలరాయంటే కాల్షియం కార్బొనేటు. పైకి పొంగిన నురగ మురికి కాదు, రాయే కరిగిపోవడం! పాలిష్ పోయి గరుకెక్కింది, ఇక మురికి మరింత పట్టుకుంటుంది. ఒక వంతు సోడియం సిట్రేటు, ఆరు వంతుల గోరువెచ్చని నీళ్లు, ఏడు వంతుల గ్లిజరిన్ కలిపి, సుద్దపొడితో ముద్ద చేసి పట్టించి, ఎండాక చెక్క గరిటెతో గీకేస్తే సరిపోయేది. ఒక్కసారికి పోకపోతే రెండుమూడుసార్లు.

అసలు మరకెందుకొచ్చింది? తలగడను బిగించిన కడ్డీలు మామూలు ఇనుము. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాయిని లోపలినుంచి చీలుస్తుంది. ఒక మూల వెంట్రుకవాసి పగులు అప్పుడే కనబడుతోంది. ఉప్పుగాలి ఊళ్లో 316 రకం స్టెయిన్‌లెస్ కడ్డీ వాడాలి, అది ఇనుముకు తగిలేచోట నైలాన్ వాషరు వేయాలి. లేకపోతే ఆ ఇనుము ఇంకా తొందరగా తుప్పుపట్టిపోతుంది. రాతిలో ఇనప మేకు దిగకూడదని దుర్గిలోనో ఆళ్లగడ్డలోనో ఏ శిల్పిని అడిగినా చెప్పేవాడు. వీళ్లు అడిగింది కరెంటు స్తంభాలకు రంగులేసే కాంట్రాక్టరును. కూడళ్లలో నాయకుల విగ్రహాలకు ఏటా బంగారు రంగు పులిమే చేతులకు ఇదో లెక్కా!

వంగి ఊచల్లోంచి చూడాల్సిన శిల్పానికి చుట్టూ ఆరడుగుల గ్రిల్లు, తాళం, ఎదురుగా శిలాఫలకం. ఫలకం మీద పదకొండు పేర్లున్నాయి, శిల్పి పేరు తప్ప. వానలు పడేలోపు రాతి మీది పెయింటు తీయించాలి, యాసిడ్ లేని జెల్ రిమూవరుతోనే. ముందు ఆ గ్రిల్లు తాళంచెవి ఎవరి దగ్గరుందో మీ విలేకరి కనుక్కుని వేస్తే మేలు.

– ఒక పాఠకుడు