సన్‌వెల్ ఎండిపోయాక

ఏరా,

నువ్వడిగింది మంచి ప్రశ్న. వార్‌క్రాఫ్ట్ వీడియో గేమ్‌లో సన్‌వెల్ అనే మాయాశక్తి ఊట పోయాక బ్లడ్ ఎల్ఫ్‌లనే జాతివాళ్ళు ఎలా బతికారు, మానా (మాయాశక్తి) వాళ్ళకి తిండా, మత్తా అని. వార్‌క్రాఫ్ట్‌లో నాకు బాగా ఇష్టమైన చిక్కుముడి ఇదే. ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ ఊట సంగతి. వాళ్ళ తొలి రాజు దాత్‌రేమార్ సన్‌స్ట్రైడర్, వెల్ ఆఫ్ ఎటర్నిటీ అనే పాత మాయా సరస్సు నుంచి తెచ్చిన ఒక్క సీసా నీళ్ళతో దాన్ని పుట్టించాడు. హై ఎల్ఫ్‌లు (అప్పటికి వాళ్ళ పేరు అదే) దాన్ని తాగాల్సిన పనే లేదు. గాలిలా చుట్టూ ఉండి వేల ఏళ్ళు ఒంట్లోకి ఇంకింది. అందుకే అలవాటైపోయిందన్న సంగతే వాళ్ళకి తెలీదు. చచ్చిన మాంత్రికుడు కెల్‌థుజాద్‌ను తిరిగి లేపడానికి దారితప్పిన రాజకుమారుడు ఆర్థాస్ దాన్ని పాడుచేశాక (2002 నాటి మూడో వార్‌క్రాఫ్ట్‌లో) జబ్బు బయటపడింది. పోయినవాళ్ళ గుర్తుగా వాళ్ళ రాజకుమారుడు కేల్‌థాస్ మిగిలినవాళ్ళకి బ్లడ్ ఎల్ఫ్‌లని పేరుపెట్టాడు. రాక్షస వేటగాడు ఇల్లిడాన్ దగ్గర నేర్చిన మానా లాగే విద్యను మాంత్రికుడు రొమాథ్ వాళ్ళ రాజధాని సిల్వర్‌మూన్‌కి తెచ్చాడు.

2007లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో బ్లడ్ ఎల్ఫ్‌తో ఆడే వీలొచ్చినప్పుడు ఈ దాహాన్ని రెండు నైపుణ్యాల్లో పెట్టారు. ఎంత బాగా కుదిరిందో! మానా ట్యాప్‌తో 30 గజాల లోపున్న శత్రువు నుంచి 50 మానా, నీ లెవెల్‌కొక్కటి చొప్పున అదనంగా లాగేవాడివి. అలా మూడుసార్ల దాకా దాచుకునే వీలుండేది. తర్వాత ఆర్కేన్ టొరెంట్ వదిలితే 8 గజాల్లో ఉన్న శత్రువులు రెండు సెకన్లు మంత్రం వేయలేకపోయేవారు, దాచింది నీ ఒంట్లోకొచ్చేది. మానా బదులు ఎనర్జీ వాడే రోగ్ పాత్రకైతే ఒక్కోదానికి 10 ఎనర్జీ. ఎదుటివాడికి మానా లేకపోతే మాత్రం ట్యాప్ పనిచేసేది కాదు. 2008 అక్టోబర్లో ట్యాప్‌ను తీసేశారు. నాకది ఇప్పటికీ బాధే, జాతి కథంతా ఆ ఒక్క బటన్‌లో ఉండేది.

హద్దు దాటి లాగితే ఏమవుతుందో బ్లడ్ ఎల్ఫ్‌ల అడవి ఎవర్‌సాంగ్ వుడ్స్‌లోనే కనిపిస్తుంది. ఒళ్ళు ఎండి, మతి తప్పి రెచెడ్‌లుగా మారినవాళ్ళు అక్కడే తిరుగుతుంటారు.

పచ్చ కళ్ళ గురించి చాలామంది పొరబడతారు. అవి మానా లాగడం వల్ల రాలేదు, నగరంలో వాడిన ఫెల్ అనే రాక్షస మాయాశక్తి ప్రభావం అది. ఫెల్‌కి దగ్గర్లో ఉంటే చాలు, దాన్ని ముట్టనివాడి కళ్ళూ పచ్చబడతాయి.

మురూ సంగతి మాత్రం గుండె పిండేస్తుంది. నారూ అనే వెలుగు జీవి అది; దాన్ని బంధించి, దాని వెలుగును పిండుకుని బ్లడ్ ఎల్ఫ్ యోధులైన బ్లడ్ నైట్‌లు బలపడ్డారు. చివరికి 2008 మార్చి నాటి సన్‌వెల్ ప్లాటో రెయిడ్‌లో (ఆటగాళ్ళు గుంపుగా చేసే దాడిలో) వెలుగంతా పోయి అది ఎంట్రోపియస్‌గా మారుతుంది. రాక్షస నాయకుడు కిల్‌జేడెన్ ఓడాక ప్రవక్త వెలెన్ అదే మురూ నుంచి మిగిలిన నిప్పురవ్వతో ఊటను మళ్ళీ వెలిగించాడు. ఇప్పుడు అందులో ఆర్కేన్‌తో పాటు పవిత్ర కాంతీ ఉంది. ఎవరిని పీల్చి బతికారో వాళ్ళ వల్లే ఊట తిరిగొచ్చిందన్నమాట.

ఇది నచ్చితే అదే ఆటకి 2016లో వచ్చిన లీజన్ విస్తరణలోని సురమార్ నగరానికి వెళ్ళు. అక్కడి నైట్‌బోర్న్ ఎల్ఫ్‌లు పదివేల ఏళ్ళు మాయా గోపురం కింద నైట్‌వెల్ అనే ఊట మీదే బతికారు. వెలివేయబడి మానా అందనివాళ్ళు క్రమంగా ఎండి, మతి తప్పిన విథర్డ్‌లైపోతారు. అందుకే వెలివేయబడ్డవాళ్ళ నాయకురాలు థాలిస్రాకీ ఆమె వాళ్ళకీ ఏన్షెంట్ మానా ఏరి తెచ్చి తినిపిస్తూ ఉండాలి. ఆ పని నీకు విసుగనిపించవచ్చు, కానీ దాటేయకు. ఆ దాహం తీర్చే ఆర్కాన్‌డోర్ చెట్టు పండు చేతికొచ్చేదాకా వాళ్ళకి వేరే దిక్కులేదు.

నీ
నేస్తం