మా బ్లాక్ కింది అంకుల్‌కి

సింగపూర్‌లో మా బ్లాక్ కింద రోజూ పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోసే చైనీస్ అంకుల్ గురించి ఈ నాలుగు ముక్కలు. ఆయన పేరు నేనెప్పుడూ అడగలేదు. ఆయనకి తెలుగు రాదు, ఇది చదవరు కూడా. అయినా చెప్పుకోకపోతే మనసు ఊరుకోదు.

కారిడార్‌లో రెండు కుండీల్లో గోంగూర వేశాను. జానెడు ఎత్తు పెరగ్గానే మొగ్గ తొడిగేది, ఆకు మాత్రం వచ్చేది కాదు. బలం చాలలేదేమోనని ఎరువు మీద ఎరువు వేశాను. ఒకరోజు అంకుల్ ఆగి, చేతి గడియారం చూపించి, "ఇక్కడ ఏడాదంతా పగలు 12 గంటలే" అన్నారు. అప్పుడు వెలిగింది. భూమధ్యరేఖ పక్కనే ఉన్నాం, మన వేసవిలోలా పొడుగు పగళ్లు ఇక్కడ లేవు. పగలు తగ్గితే పూసే గోంగూరకి ఇక్కడ ఎప్పుడూ పూతకాలమే! ఆయన బొటనవేలి గోటితో చివర్లు టుక్కున గిల్లి చూపించారు. అలా తుంచుతూ ఉంటే పక్క కొమ్మలు వచ్చాయి.

కుండీల కింద ప్లేట్లలో నిలిచిన నీళ్లు చూసి మాత్రం మొహం చిట్లించారు. "డెంగీ!" దోమల తనిఖీకి వచ్చేవాళ్ల కంట పడితే జరిమానా మరి. ఆయనే ప్లేట్లు ఒంపేసి, బోర్లించి వెళ్లారు.

మొన్న మొదటిసారి పచ్చడికి సరిపడా ఆకు కోశాను. చిన్న సీసాలో పెట్టి ఇస్తే, కాస్త నాలుక మీద వేసుకుని, దగ్గి, "టూ స్పైసీ లా" అన్నారు. సీసా మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

థాంక్యూ అంకుల్.