తిరగలి దగ్గర మా అమ్మను కాపాడిన బాబాయి గారికి

పోయిన ఆదివారం అమ్మనీ పిల్లలనీ తీసుకుని ధవళేశ్వరం వెళ్లి, కాటన్ మ్యూజియం చూసి, 1847లో మొదలై 1852కల్లా పూర్తయిన ఆనకట్ట సంగతి పిల్లలకి చెప్పి, అక్కణ్ణుంచి ఆత్రేయపురం వైపు పాతకాలం సేద్యం, ఇంటి పనులు చేసి చూపించే ఒక తోటకి వెళ్లాం. ఎడ్లతో దుక్కి, రోకళ్లతో దంపుడు, అన్నీ మనచేత చేయిస్తారు.

అమ్మ నేరుగా తిరగలి దగ్గర కూర్చుంది. ఒక చేత్తో గుప్పెడు మినుములు పోస్తూ రెండో చేత్తో పిడి తిప్పుతుంటే, రాళ్ల అంచు నుంచి బద్దలు చాప మీదకి రాలుతుంటే మా పాప కళ్లార్పకుండా చూసింది. ఎన్నేళ్లయినా ఆ చెయ్యి వాటం పోలేదు.

కాసేపటికి అమ్మకి చెమటలు, వణుకు. పొద్దున ఇన్సులిన్ వేసుకుంది, టిఫిన్ మాత్రం సరిగా తినలేదు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఎడ్లని పక్కాయనకి అప్పగించి మీరు పరుగున వచ్చారు. "షుగరేనా అమ్మా?" అని అడిగి, తువ్వాలు చివర కట్టుకున్న బెల్లం ముక్క విప్పి, చిదిపి, మింగగలుగుతోందని చూసుకుని మరీ కొంచెం కొంచెంగా నోట్లో పెట్టారు. "మా ఇంటావిడకీ ఇంతేనండి, అందుకే ఎప్పుడూ దగ్గరుంచుకుంటాను" అన్నారు. అమ్మ తేరుకుని, మీ క్యారేజీలో పెరుగన్నం నాలుగు ముద్దలు తినేదాకా విసురుతూ పక్కనే ఉన్నారు. పేరు అడిగేలోపు మళ్లీ ఎడ్ల దగ్గరికి వెళ్లిపోయారు.

బాబాయి గారూ, మీ మేలు మర్చిపోలేం. సంక్రాంతికి వస్తాం, అమ్మ మీకు సున్నుండలు తెస్తానంటోంది.