టికెట్ కంటే ముందు ఆ యూనివర్సిటీ క్యాలెండర్ చూడండి

సంపాదకులకు,

వేసవి వచ్చిందంటే అమెరికా ప్రయాణాల మీద పత్రికల్లో వచ్చే సలహాలన్నీ కొడుకు దగ్గరికో బిడ్డ దగ్గరికో పోయే తల్లిదండ్రుల కోసమే. ఆర్‌ఈసీలోనో (ఇప్పటి వరంగల్ ఎన్‌ఐటీ) కాకతీయ మెడికల్ కాలేజీలోనో కలిసి చదువుకుని, అక్కడి యూనివర్సిటీ ఊళ్లలో స్థిరపడ్డ దోస్తుల ఇంటికి పోయే రిటైరైనవాళ్లు ఓరుగల్లులో తక్కువేం లేరు. వాళ్ల లెక్క వేరు. కొడుకైతే సెలవు పెట్టి తిప్పుతాడు. ప్రొఫెసర్ దోస్తుకు క్లాసులుంటాయి, దిద్దాల్సిన పేపర్లుంటాయి.

మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌నే తీసుకోండి. ఊరి జనాభా లక్షా ఇరవై వేల పైచిలుకు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో సీట్లు 1,07,601. సెప్టెంబర్ నుంచి నవంబర్ చివరిదాకా, సొంత ఊళ్లో మ్యాచ్ పడ్డ ప్రతి శనివారం హోటల్ గది దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. మేడారం జాతర వారంలో హనుమకొండ లాడ్జీల సంగతి తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. స్నాతకోత్సవం జరిగే మే మొదటి వారం, విద్యార్థులు గదులు మారే ఆగస్టు చివర కూడా ఇదే తంతు. దోస్తు ఇంట్లోనే దిగుతాం కదా అంటారా? ఆ రోజుల్లో ఆయనకే తీరిక ఉండదు. మే నెల మూడో వారం నుంచి జూన్ సగం దాకా మంచి సమయం. ఊరు ఖాళీగా ఉంటుంది, చలి పోయి ఉంటుంది, నికోల్స్ ఆర్బొరీటమ్ తోటలో పియోనీ పూలు విచ్చుకునేదీ అప్పుడే. యూనివర్సిటీ ఆర్ట్ మ్యూజియం ప్రవేశం ఉచితం. దోస్తు పనిలో ఉన్న రోజు సిటీ బస్సులో మీరే పోయి చూసి రావచ్చు.

వీసాకు దోస్తు పంపే ఆహ్వాన లేఖ తప్పనిసరి కాదు. ఇంటర్వ్యూలో చూసేది మీరు తిరిగి వస్తారా లేదా అన్నదే. ఎవరి దగ్గరికి అని అడిగితే స్నేహితుడి దగ్గరికి అని సూటిగా చెప్పాలి, లేని చుట్టరికం కలపకూడదు. అసలు చిక్కు పేరుతో వస్తుంది. మన పాత పాస్‌పోర్టుల్లో చాలావాటిలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండేది. అలాంటప్పుడు వీసా దరఖాస్తు అయిన డీఎస్-160 ఫారంలో, పాస్‌పోర్టులో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలో రాసి, సొంత పేరు గడిలో 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పెట్టాలి. ఇది ఇష్టం లేకపోతే ముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి. వేలిముద్రలు ఒక రోజు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ మరో రోజు. రెండూ వరుస రోజుల్లో పెట్టుకుంటే వరంగల్ నుంచి ఒక్కసారే పోయి రావచ్చు.

ఇక సామాను. మటన్, చికెన్ పచ్చళ్లు వద్దు, జంతు వ్యాధుల భయంతో అక్కడ తీసి పారేస్తారు. పెరట్లో తెంపిన కరివేపాకు అసలే వద్దు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది. ఎండుకొబ్బరి చిప్పలకు శంషాబాద్‌లోనే అడ్డు పడుతుంది. నూనె ఎక్కువ కాబట్టి తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుగా లెక్కిస్తారు. కస్టమ్స్‌లో తిండి వస్తువులున్నాయా అంటే ఉన్నాయనే చెప్పండి. చెప్తే వద్దన్నది తీసుకుని వదిలేస్తారు, దాచి దొరికితే జరిమానా.

చపాటా మిర్చి కారంతో పెట్టిన మామిడి తొక్కు మాత్రం నిక్షేపంగా పోతుంది, కారకుండా కడితే. విమానం పైకెక్కాక గాలి ఒత్తిడి తగ్గి, సీసాలో ఇరుక్కున్న గాలి ఉబ్బి నూనెను మూతలోంచి తోస్తుంది. అందుకే పైన తేలే నూనె వంపేసి, గరిటెతో అదిమి బుడగలు పోగొట్టి, అర అంగుళం ఖాళీ ఉంచాలి. మూత కింద ప్లాస్టిక్ కాగితం, మూత చుట్టూ టేపు, ఆపైన రెండు జిప్ కవర్లు, బట్టల నడుమ చోటు. గాజు సీసా వద్దే వద్దు. సకినాలైతే వాటి చుట్టుకొలతకు సరిపోయే గుండ్రటి స్టీలు డబ్బాలో ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, పైన మిగిలిన ఖాళీలో కాగితం కుక్కాలి. కదలిక ఉంటేనే విరుగుతాయి.

వీసా పదేళ్లదైనా అక్కడ ఉండగలిగేది ఐ-94లో, అంటే అక్కడ దిగినప్పుడు మీ పేరున నమోదయ్యే ప్రవేశ పత్రంలో, వేసిన తేదీ వరకే. దిగిన రోజే ఆన్‌లైన్‌లో తీసి చూసుకోండి.

బీపీ, షుగర్ మందులు స్ట్రిప్పులతోనే, డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి. సందర్శకుల బీమా పాలసీలు చాలావరకు పాత జబ్బు హఠాత్తుగా ముదిరితేనే డబ్బు ఇస్తాయి, మామూలు చెకప్‌కు ఇవ్వవు. జ్వరానికో బెణుకుకో ఎమర్జెన్సీకి పరుగెత్తితే బిల్లు గుండె ఆపుతుంది. దానికి 'అర్జంట్ కేర్' క్లినిక్‌లు వేరే ఉంటాయి. మీ బీమా చెల్లే క్లినిక్ ఏదో చేరిన మొదటి రోజే దోస్తును అడిగి రాసిపెట్టుకోండి. అర్ధరాత్రి ఆయన్ను లేపి అడిగే సంగతి కాదది.

— మీ పాఠకులు, నక్కలగుట్ట, హనుమకొండ